అటక మీద చందమామ: పాత పత్రికల ఆయుష్షు పెంచే విజ్ఞానం

పండక్కి ఇల్లు దులిపేటప్పుడో, ఇల్లు మారేటప్పుడో అటక మీద నుంచి ఒక ట్రంకు పెట్టె కిందికి దిగుతుంది. మూత తీయగానే కొంచెం తియ్యగా, కొంచెం పుల్లగా ఒక పాత వాసన వస్తుంది. లోపల తాతగారు నెలనెలా కొని దాచిన చందమామలు ఉంటాయి. వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు విడదీసి అమ్మమ్మ బైండు చేయించుకున్న నవలలు, నాన్న చిన్నప్పటి ఇంద్రజాల్ కామిక్స్ ఉంటాయి. ఆశగా ఒక పేజీ తిప్పబోతే మూల విరిగి, అప్పడం ముక్కలా చేతిలోకి వస్తుంది.

ఎవరూ వాటిని చింపలేదు, తడపలేదు. పిల్లల చేతికి అందకుండా, భద్రంగా ఉండాలనే అటక మీద పెట్టారు. మరి ఎందుకిలా అయింది? సరిగ్గా ఆ అటకే వాటి ఆయుష్షును తినేసింది. కాగితం ఎలా ముసలిదవుతుందో తెలిస్తే, ఖరీదైన సరంజామా ఏదీ లేకుండానే మిగిలిన వాటిని ఇంకో తరానికి అందించవచ్చు.

ఇది ఒక ఇంటి జ్ఞాపకాల విషయం మాత్రమే కాదు. చందమామ 1947 జూలైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళ భాషల్లో మొదలై తరవాత ఎన్నో భారతీయ భాషలకు విస్తరించింది. 1964లో ఇంద్రజాల్ కామిక్స్, 1967లో అనంత్ పాయ్ సంపాదకత్వంలో అమర్ చిత్ర కథ మొదలయ్యాయి. వీటిని చదివి, చేతులు మార్చి, చివరికి పాత కాగితాల వాడికి వేసేవారే ఎక్కువ. పత్రికలను పుస్తకాలంత శ్రద్ధగా భద్రపరచిన గ్రంథాలయాలు తక్కువ. అందువల్ల ఏదో ఒక సంచికకు మిగిలిన మంచి ప్రతి మీ ఇంటి పెట్టెలోనే ఉండవచ్చు.

శత్రువు కాగితంలోనే ఉంది

కాగితానికి బలాన్నిచ్చేది సెల్యులోజ్. వేలాది గ్లూకోజ్ అణువులు గొలుసుకట్టుగా కలిసి ఏర్పడే పదార్థం ఇది. గొలుసులు పొడవుగా ఉన్నంత కాలం కాగితం మడిస్తే మడత పడుతుంది. అవి తెగి పొట్టివైతే మడత దగ్గర విరుగుతుంది.

పాత రోజుల్లో నూలు గుడ్డపీలికల నుంచి కాగితం చేసేవారు. అందులో దాదాపు అంతా సెల్యులోజే కాబట్టి వందల ఏళ్ళనాటి చేతి కాగితం ఇప్పటికీ మెత్తగా ఉంటుంది. పత్రికలు లక్షల్లో అచ్చు కావడం మొదలయ్యాక గుడ్డపీలికలు చాలలేదు. 1840లలో జర్మనీలో ఫ్రీడ్రిక్ కెల్లర్ కలపను రాతి చక్రం మీద అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాడు. న్యూస్‌ప్రింట్‌కు పునాది అదే. మన దేశంలో మొదటి న్యూస్‌ప్రింట్ కర్మాగారమైన మధ్యప్రదేశ్‌లోని నేపా మిల్లును 1956లో నెహ్రూ ప్రారంభించారు.

ఇలా అరగదీసిన గుజ్జులో కలపలోని లిగ్నిన్ దాదాపు మొత్తం మిగిలిపోతుంది. చెట్టులో పీచులను అంటిపెట్టి ఉంచే జిగురు లాంటి పదార్థం లిగ్నిన్. కలప బరువులో సుమారు 20 నుంచి 30 శాతం అదే ఉంటుంది. వెలుతురు, ఆక్సిజన్ తగిలితే అది మారిపోయి పసుపు, గోధుమ రంగు పదార్థాలుగా తయారవుతుంది. కాగితం పచ్చబడటానికి ప్రధాన కారణం ఇదే.

రెండో సమస్య ఆమ్లం. సిరా పాకకుండా ఉండటానికి కాగితానికి పటిక, రాజనం కలిపే పద్ధతి 1807 నుంచి వాడుకలోకి వచ్చింది. పటిక వల్ల కాగితంలో ఆమ్లగుణం చేరుతుంది. కాగితంలో సహజంగా ఉండే కొద్దిపాటి తేమతో కలిసి ఈ ఆమ్లం సెల్యులోజ్ గొలుసులను ఎక్కడికక్కడ తెంచుతుంది. తెగినప్పుడు ఎసిటిక్ ఆమ్లం లాంటివి కొత్తగా పుడతాయి. అవి మరిన్ని గొలుసులను తెంచుతాయి. అందుకే కాగితం మొదట నెమ్మదిగా, తరవాత వేగంగా చెడుతుంది. పెట్టె తీయగానే వచ్చే ఆ పుల్లని వాసన ఈ చర్య జరుగుతోందనడానికి గుర్తు. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన మాతియా స్ట్రిలిచ్ బృందం 2009లో, పాత పుస్తకాల నుంచి వెలువడే ఈ ఆవిరులను విశ్లేషించి కాగితం స్థితిని అంచనా వేయవచ్చని చూపింది.

లిగ్నిన్ సంగతి ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. ఈరోజు దినపత్రిక ముక్క మీద ఒక నాణెం పెట్టి, ఎండ పడే కిటికీ దగ్గర నాలుగైదు రోజులు ఉంచండి. పక్కనే తెల్లటి నోటు పుస్తకం కాగితాన్ని కూడా అలాగే ఉంచండి. దినపత్రికలో నాణెం కింద తెల్లగానే ఉండి, చుట్టూ పచ్చబడుతుంది. నోటు పుస్తకం కాగితంలో మార్పు చాలా తక్కువగా కనిపిస్తుంది. దాని గుజ్జులోంచి రసాయనాలతో లిగ్నిన్‌ను చాలావరకు తీసేయడమే దీనికి కారణం.

అయిదు డిగ్రీల లెక్క

గొలుసులు తెగడం రసాయన చర్య. వేడి పెరిగితే ఏ రసాయన చర్య అయినా వేగం అందుకుంటుంది. కాగితం విషయంలో ఉజ్జాయింపు లెక్క ఒకటుంది. ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గితే కాగితం ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది, 5 డిగ్రీలు పెరిగితే సగమవుతుంది.

ఈ లెక్కను మన ఇంటికి అన్వయించి చూద్దాం. వేసవి మధ్యాహ్నం కింది గదిలో 30 డిగ్రీలు ఉంటే, డాబా స్లాబుకు ఆనుకుని ఉన్న అటక మీద 40 డిగ్రీలు దాటడం మామూలే. పది డిగ్రీల తేడా అంటే నాలుగు రెట్ల వేగం. కింది గదిలో నలభై ఏళ్ళకు వచ్చే బలహీనత, అంత వేడి నిలకడగా ఉంటే అటక మీద పదేళ్ళకే వస్తుంది. అంటే పత్రికలను అటక దించి, ఇంటి మధ్య గదిలో మంచం కింద పెట్టినా వాటికి ఎంతో మేలు చేసినట్టే. దీనికి పైసా ఖర్చు లేదు.

ఏ గోడ అన్నది కూడా ముఖ్యమే. పడమటి ఎండ కొట్టే గోడ, వంటింటి గోడ, స్నానాల గదికి ఆనుకున్న గోడ పనికిరావు. రెండు వైపులా గదులున్న లోపలి గోడ మంచిది. అక్కడ పగటికీ రాత్రికీ తేడా తక్కువగా ఉంటుంది.

తేమ: కోస్తాకు ఒక సలహా, సీమకు మరొకటి

గాలిలో తేమను సాపేక్ష ఆర్ద్రతతో కొలుస్తారు. ఆ ఉష్ణోగ్రత దగ్గర గాలి ఎంత ఆవిరిని పట్టి ఉంచగలదో, అందులో ఇప్పుడు ఎంత శాతం ఉందో చెప్పే లెక్క ఇది. ఇది 65 నుంచి 70 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే కాగితం మీద బూజు పట్టడం మొదలవుతుంది. బాగా తగ్గి 30 శాతం కన్నా కిందికి పోతే కాగితం పెళుసుబారుతుంది. రోజూ పెరుగుతూ తరుగుతూ ఉంటే కాగితం ఉబ్బుతూ ముడుచుకుంటూ అలసిపోతుంది. 40 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే మేలు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఏడాదిలో చాలా రోజులు ఆర్ద్రత 70 శాతం పైనే ఉంటుంది. అక్కడ మొదటి శత్రువు బూజు. అనంతపురం, కర్నూలు, తెలంగాణలోని మెట్ట ప్రాంతాల్లో వేసవి గాలి బాగా పొడిగా ఉంటుంది. అక్కడ అసలు భయం వేడి, దుమ్ము. వానాకాలంలో మాత్రం అక్కడివారు కూడా తేమను గమనించుకోవాలి. తేమను కొలిచే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. సంచులు, పెట్టెలు కొనే ముందు అది కొనడం తెలివైన పని.

ఇనప బీరువా గురించి ఒక మాట. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా సుమారు 30 గ్రాముల ఆవిరిని పట్టి ఉంచుతుంది. 25 డిగ్రీల దగ్గర 23 గ్రాములే. పగలు 30 డిగ్రీల్లో 70 శాతం తేమ ఉన్న గాలిలో 21 గ్రాముల ఆవిరి ఉంటుంది. రాత్రి అదే గాలి 25 డిగ్రీలకు చల్లబడితే ఆర్ద్రత 90 శాతం దాటుతుంది. ఇనుము త్వరగా చల్లబడుతుంది కాబట్టి బీరువా వెనక పలకకు ఆనుకున్న పత్రికలకే ముందు బూజు పడుతుంది. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపాలి. లోపల పత్రికలు వెనక పలకకు తగలకుండా రెండు వేళ్ళ సందు వదలాలి. వానలేని పొడి రోజున అప్పుడప్పుడూ తలుపులు తెరిచి ఉంచాలి.

ప్లాస్టిక్ కవరు ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు?

కామిక్స్ సేకరించేవారు ఒక్కో ప్రతినీ ప్లాస్టిక్ కవరులో పెడతారు. దుమ్ము, చేతి జిడ్డు, కారే నీరు తగలకుండా అది కాపాడుతుంది. అయితే మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, ఏ ప్లాస్టిక్? పాలిథిన్, పాలీప్రొపిలీన్, పాలియెస్టర్ రకాలు నిలకడైనవి. పీవీసీ వద్దు. కాలక్రమేణా అందులోంచి ఆమ్ల ఆవిరి వెలువడుతుంది, మెత్తదనం కోసం కలిపిన నూనె లాంటి పదార్థాలు బయటికి వచ్చి అచ్చుసిరాను అంటుకుంటాయి. ఘాటైన వాసన వేస్తూ, చేతికి జిగటగా తగిలే కవరును పక్కన పెట్టండి.

రెండోది, ఎప్పుడు పెట్టాలి? ముసురు పట్టిన రోజున కవరులో పెట్టి అంటిస్తే, ఆ తేమ కాగితంతో పాటే లోపల ఉండిపోతుంది. పడమటి గాలి వీచే పొడి రోజు చూసుకుని, పత్రికలను ముందు నీడలో ఫ్యాను గాలికి ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి అప్పుడు పెట్టాలి. ఎండలో మాత్రం ఆరబెట్టకూడదు.

మూడోది, లోపల పుట్టే ఆమ్లం. అన్ని వైపులా మూసిన కవరులో అది బయటికి పోలేక కాగితాన్ని మరింత వేగంగా తింటుందని అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పరిశోధనల్లో తేలింది. అందుకే కవరు ఒక వైపు తెరిచి ఉంచాలి, వెనక క్షారగుణం ఉన్న కాగితం ఒకటి పెట్టాలి. ఇలాంటి కాగితంలో సుద్ద, అంటే కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. అది ఆమ్లాన్ని పీల్చుకుని విరుగుడుగా పనిచేస్తుంది. నేటి తెల్లటి జెరాక్సు కాగితాల్లో చాలావాటిలో సుద్ద ఉంటుంది. ఉందో లేదో తెలుసుకోవాలంటే ఒక వృథా ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి భూతద్దంతో చూడండి. సన్నని బుడగలు లేస్తే సుద్ద ఉన్నట్టే. వెనక దన్నుగా మామూలు గోధుమరంగు అట్టముక్క పెట్టడం చాలామంది చేసే పొరపాటు. ఆ అట్టలోనే ఆమ్లం ఎక్కువ.

ఇవేవీ కుదరకపోతే తాళపత్రాలు దాచినవారి పద్ధతి ఉండనే ఉంది. పిండి పెట్టని నూలు గుడ్డను ఉతికి ఆరబెట్టి, పత్రికలను మూటగా చుట్టవచ్చు. గుడ్డ దుమ్మును ఆపుతుంది, గాలి ఆడనిస్తుంది, తేమలో వచ్చే హెచ్చుతగ్గులను కొంత తాను భరిస్తుంది.

పురుగు ఆనవాలు పట్టడం

కాగితాన్ని తినే పురుగులన్నీ ఒకటి కావు. నష్టాన్ని చూసి దొంగను గుర్తించవచ్చు. పేజీ పైపొర గీకినట్టుగా, అంచులు కొరికినట్టుగా ఉంటే అది వెండిరంగులో జారిపోయే సిల్వర్‌ఫిష్ పని. దానికి గంజి, జిగురు ఇష్టం, తేమ ఉంటేనే బతుకుతుంది. అట్ట నుంచి అట్ట దాకా సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రాలు, కింద సన్నని పొడి ఉంటే అవి పెంకుపురుగుల లార్వాలు తొలిచిన సొరంగాలు. మట్టి పూసిన దారులు, పుస్తకం లోపల బోలు కనిపిస్తే చెదలు. ఇవి నేల, గోడల గుండా వస్తాయి కాబట్టి పెట్టెను నేల మీద కాకుండా కాళ్ళున్న బల్ల మీద, గోడకు ఎడంగా పెట్టాలి.

కలరా ఉండలు వేయడం మన ఇళ్ళలో అలవాటు. అందులోని నాఫ్తలీన్ పురుగులను కొంత దూరం పెడుతుంది గానీ, గుడ్లను, కాగితం లోపలి లార్వాలను చంపుతుందన్న భరోసా లేదు. పైగా ఆ ఆవిరి మనుషులకు మంచిది కాదు. జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవారిలో, ముఖ్యంగా పసిపిల్లల్లో, నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. పడకగది బీరువాలో అది అసలే వద్దు. వేపాకులో పురుగులకు తిండి సహించకుండా చేసే గుణం ఉన్నా, అది ఆవిరిగా పెద్దగా వ్యాపించదు. బీరువా మూలన వేసిన గుప్పెడు ఆకు మొత్తం పత్రికలను కాపాడలేదు. పచ్చి ఆకు వేస్తే తేమ, మరక అదనం.

పురుగు పట్టిన కొద్ది ప్రతులకు మందు లేని మార్గం చలి. పొడిగా ఉన్న పత్రికను పాలిథిన్ సంచిలో గాలి తీసి గట్టిగా మూసి, మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లగా ఉండే డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక సంచిని ఒక రోజంతా విప్పకూడదు. విప్పితే చల్లని కాగితం మీద గాలిలోని తేమ నీటిబొట్లుగా దిగుతుంది. ఒక తలుపు ఉండే చిన్న ఫ్రిజ్‌లో పైన ఉండే ఐసు గది చాలాసార్లు అంత చల్లబడదు, అది చాలదు.

ప్రేమతో చేసే పొరపాట్లు

చిరిగిన పేజీకి సెలోటేపు అంటించడం మొదటిది. కొన్నేళ్ళకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరకగా మిగులుతుంది. చిరుగు ఉన్నా ఫరవాలేదు, పేజీని అలాగే ఒక కాగితం మడతలో పెట్టండి. ముఖచిత్రాన్ని లామినేషన్ చేయించడం రెండోది. వేడి, జిగురు కలిసి కాగితంలో శాశ్వతంగా కలిసిపోతాయి. తిరిగి విడదీయలేని పని ఏదీ చేయకూడదన్నది సంరక్షణ నిపుణుల మొదటి నియమం.

మూడోది బైండింగు. పన్నెండు సంచికలు కలిపి బైండు చేయించడం వల్ల అవి చెదిరిపోకుండా నిలిచాయన్నది నిజం. కానీ అంచులు సమంగా కోసేటప్పుడు బొమ్మల చివర్లు, పేజీ అంకెలు పోతాయి. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం పాత అలవాటు. అందులోని రాగి సెల్యులోజ్ ఆక్సీకరణను వేగవంతం చేస్తుంది. ఇప్పటికే బైండు అయినవాటిని విప్పకండి. కొత్తగా మాత్రం చేయించవద్దు.

నడుమ పిన్నులు తుప్పు పట్టి ఉంటే, చదునైన పలుచని పనిముట్టుతో వెనక నుంచి వంచి నెమ్మదిగా తీసి, అవే రంధ్రాల గుండా నూలు దారం వేసి ముడి వేయవచ్చు. కాగితం మరీ పెళుసుగా ఉంటే అదీ వద్దు. పత్రికలను పడుకోబెట్టి, ఒక దొంతరలో పదిహేను ఇరవైకి మించకుండా పేర్చండి. రబ్బరు బ్యాండు, పురికొస వాడకండి.

నీళ్ళలో తడిస్తే: మొదటి 48 గంటలు

2000 ఆగస్టులో హైదరాబాదును ముంచెత్తిన వరదల్లో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో భద్రపరచిన అరుదైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు నీట మునిగాయి. పెద్ద సంస్థకే అలాంటి కష్టం వస్తే, తుఫాను తీరంలోని ఇళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. పెట్టె నేలకు కనీసం మూరెడు ఎత్తులో ఉండాలన్నది అందుకే.

తడిసిన కాగితం మీద 48 గంటల్లో బూజు మొలకెత్తగలదు. ముద్దగా తడిసిన పత్రికను బలవంతంగా తెరవకండి. పైన బురద ఉంటే మంచినీటితో మెల్లగా జారవిడిచి, నీరు ఓడనిచ్చి, పేజీలు వాటంతట అవి విడేకొద్దీ మధ్య మధ్య తెల్లకాగితం పెట్టి మారుస్తూ, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. నున్నగా మెరిసే కాగితానికి బంకమన్ను పూత ఉంటుంది. అది తడిసి ఆరితే పేజీలు ఇటుకలా అంటుకుపోతాయి. ముందు వాటిని చూడాలి. ఒక్కసారే అన్నిటినీ ఆరబెట్టలేకపోతే మిగిలినవి సంచుల్లో పెట్టి ఫ్రీజరులో ఉంచండి. గడ్డకట్టినంత కాలం బూజు ఎదగదు, నిదానంగా ఒక్కొక్కటే తీసి ఆరబెట్టవచ్చు.

ఈ ఆదివారం చేయగలిగింది

అన్నీ ఒకేసారి చేయనక్కరలేదు. వరస మాత్రం ఇది: ముందు అటక దించండి. తరవాత చల్లని లోపలి గోడ పక్కన, నేలకు ఎత్తులో చోటు చూడండి. మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. ఏ సంవత్సరం, ఏ నెల సంచికలున్నాయో ఒక పుస్తకంలో రాసుకోండి. పెళుసుబారిన వాటిని, పేజీలు ఎక్కువ తెరవకుండా, కిటికీ వెలుతురులో ఫోనుతో ఫొటోలు తీసి, సంవత్సరం-నెల-పేజీ అంకెలతో పేర్లు పెట్టి రెండు చోట్ల దాచండి. ఇంటి వాడకానికి దాచుకోవడం వేరు, అందరికీ పంచడం వేరు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరవాత కూడా 60 ఏళ్ళ పాటు కాపీరైటు ఉంటుంది.

అరుదైనవి ఉన్నాయనిపిస్తే, లక్నోలోని సాంస్కృతిక సంపద పరిరక్షణ జాతీయ పరిశోధనశాల, ఇన్‌టాక్ సంరక్షణ కేంద్రాల వంటివి ఇలాంటి పనిలో అనుభవం ఉన్నవి. ఇంట్లో చూసుకునేవారు లేకపోతే పాత పత్రికలను పదిలపరచే గ్రంథాలయాలకు మీ జాబితా పంపవచ్చు. 1918లో ఏర్పడిన వేటపాలెం సారస్వత నికేతనం అలాంటిదే.

కాగితం ముసలిదవడాన్ని ఎవరూ ఆపలేరు. ఇప్పటికే తెగిన గొలుసులు తిరిగి అతకవు. అందుకే వచ్చే పండగ దాకా ఆగవద్దు. ఈ ఎండాకాలం కూడా ఆ పెట్టె అటక మీదే గడిపితే, మరికొన్ని గొలుసులు తెగుతాయి. దించాల్సింది మూరెడు నిచ్చెన వేసి, పది నిమిషాల్లో. ఆ తరవాత మీ మనవరాలు పేజీ తిప్పినప్పుడు మూల విరగకుండా, బేతాళుడు చెట్టు మీద ఉన్నవాడు ఉన్నట్టే కనిపిస్తాడు.